బాత్‌రూమ్ పని: పర్మిట్ నా పేరు మీద తీయమంటున్న కాంట్రాక్టర్

పాతకొళాయి, సాన్ హోసే

అందరికీ నమస్కారం. 1974లో కట్టిన ఇల్లు కొన్నాం. పై అంతస్తు బాత్‌రూమ్ మొత్తం విప్పి కొత్తగా చేయించాలి. టబ్బు తీసేసి షవర్ పెట్టడం, టైల్స్, నీటి గొట్టాలు కాస్త పక్కకు జరపడం, రెండు కొత్త లైట్లు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, చివర రంగులు. ముగ్గురు వచ్చి చూశారు. ఇద్దరు 31 వేలు, 34 వేలు చెప్పారు. మూడో ఆయన 19,500 డాలర్లు అన్నాడు. మాట మెత్తన, మనిషి నిదానం, పక్క వీధిలో మాకు తెలిసినవాళ్ళ ఇంటికి రంగులు వేసింది ఆయనే. కార్డు మీద లైసెన్సు నంబరు కూడా ఉంది.

రెండు షరతులు పెట్టాడు. సామాను కొనడానికి ముందుగా 6,000 ఇవ్వాలట. పర్మిట్ ఇంటి యజమానిగా నా పేరు మీదే తీయాలట. అలా అయితే త్వరగా వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది అంటున్నాడు. మా ఆవిడకు ఇది మింగుడు పడడం లేదు. నా బుర్ర మాత్రం 19,500 దగ్గరే ఆగిపోయింది. ఇలా చేయించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?


తీగలమేస్త్రి, ఫ్రీమాంట్

మీ ఆవిడ మాట వినండి.

నేను ఇక్కడ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని, సీ-10 లైసెన్సు. పదిహేనేళ్ళుగా ఇదే పని. ముందు ఆ ఆరు వేల సంగతి. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు ఒప్పందానికి ముందస్తుగా తీసుకోగలిగింది మొత్తంలో పదో వంతు గాని, వెయ్యి డాలర్లు గాని, ఏది తక్కువైతే అది. 19,500లో పదో వంతు 1,950 కాబట్టి ఆయనకు రావలసింది వెయ్యి మాత్రమే. ఆ తరవాత కూడా చేసిన పనికి, ఇంటికి చేరిన సామానుకు మించి అడగకూడదు. ప్రత్యేకమైన పెద్ద బాండ్లు (మోసం జరిగితే పరిహారం కోసం ముందే పెట్టే హామీ) కట్టిన కొద్ది కంపెనీలకు మినహాయింపు ఉంది గాని, ఈయన ఆ కోవలోకి వస్తాడని నేననుకోను. ఇది లైసెన్సు పరీక్ష రాసిన ప్రతివాడూ చదువుకున్న నియమమే. తెలిసే అడుగుతున్నాడు.

పర్మిట్ ఇంకా పెద్ద విషయం. మీ పేరు మీద తీస్తే మీరు 'ఓనర్-బిల్డర్' అవుతారు, అంటే కాగితం మీద కాంట్రాక్టర్ మీరే. తనిఖీలో తప్పు దొరికితే ఇన్‌స్పెక్టర్ మిమ్మల్నే అడుగుతాడు. పనివాడు నిచ్చెన మీద నుంచి జారిపడితే అతన్ని పనిలో పెట్టుకున్నది ఎవరు అనే ప్రశ్న వస్తుంది, అప్పుడు మీ సంతకం ఉన్న కాగితమే బయటికి తీస్తారు. లైసెన్సు సక్రమంగా ఉన్నవాడు పర్మిట్ తన పేరున తీయడానికి జంకడు. నేను ఏ ఇంటివాళ్ళనూ ఒక్కసారి కూడా అలా అడగలేదు.

ఆయన నంబరు ఇక్కడ పెట్టకండి. కాంట్రాక్టర్లకు లైసెన్సులిచ్చే మన రాష్ట్ర బోర్డు సీఎస్ఎల్‌బీ సైటులో మీరే కొట్టి చూడండి. నంబరు ఉందా లేదా అన్నది కాదు చూడవలసింది. ఏ తరగతి లైసెన్సు, ఎవరి పేరు మీద, బాండ్ అమల్లో ఉందా, పనివాళ్ళ బీమా దగ్గర ఏం రాసి ఉంది. ఈ నాలుగూ చూసి చెప్పండి.


వడగళ్ళవాన, డాలస్

ఇవన్నీ చదువుతుంటే అసూయగా ఉంది. మా టెక్సాస్‌లో ఇళ్ళు కట్టే జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్సే లేదు. ఇంటి పైకప్పు వేసే రూఫింగ్ పనికీ లేదు. వసంతంలో ఒక గట్టి వడగళ్ళ వాన పడితే చాలు, మర్నాడు పొద్దున వీధి నిండా పికప్ ట్రక్కులే. నిన్నటిదాకా ఏం చేసేవాడో తెలియని మనిషి ఇవాళ రూఫింగ్ కంపెనీ యజమాని. బీమా డిడక్టిబుల్ (ఇంటివాళ్ళు సొంతంగా పెట్టుకోవలసిన వాటా) మీరు కట్టనక్కర లేదు, మేం సర్దుకుంటాం అనడం 2019 చట్టం ప్రకారం కుదరదు. అయినా పోయిన ఏడాది మా గుమ్మంలో నిలబడి అదే మాట అన్నవాళ్ళు ఇద్దరు.

అలాగని అన్నీ గాలికి వదిలేశారని కాదు. కరెంటు పనికి, ఏసీ పనికి టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ లైసెన్సు ఇస్తుంది. కరెంటు లైసెన్సు రాష్ట్రం మొత్తానికి ఒకటయింది 2004లోనే. ప్లంబర్లకు వేరే బోర్డు. దాని కథ ఇంకా తమాషా. 2019లో శాసనసభ ఆ బోర్డును కొనసాగించే బిల్లు తేల్చకుండానే సమావేశాలు ముగించి ఇంటికి వెళ్ళిపోయింది. గవర్నర్ ఉత్తర్వుతో దాన్ని నిలబెట్టారు, 2021లో మళ్ళీ చట్టం చేశారు. ఆ నడుమ మా ప్లంబర్ నాతో అన్నాడు: "ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న కార్డు, రేపటి నుంచి చెల్లుతుందో లేదో నాకే తెలియదు."

ఏసీ వాళ్ళ బండి మీద నంబరు చూడండి. టీఏసీఎల్ఏ అని మొదలైతే ఎంత పెద్ద యంత్రమైనా ముట్టుకోవచ్చు. టీఏసీఎల్‌బీ అయితే 25 టన్నుల వరకే. మా ఇంటిది నాలుగు టన్నులు, కాబట్టి బీ ఉన్నా నాకు చాలు. అసలు నంబరే లేని బండి వస్తే తలుపు తీయను.


కాకిలెక్క, పిట్స్‌బర్గ్

నా మాట చాలామందికి నచ్చదు, అయినా రాస్తున్నాను. లైసెన్సు అన్నది లోపలున్నవాళ్ళు బయటివాళ్ళు రాకుండా వేసుకున్న గడియ. 1950లలో ఈ దేశంలో ఇరవై మంది పనివాళ్ళలో సుమారు ఒకరికి లైసెన్సు కావలసి వచ్చేది, ఇప్పుడు అయిదుగురిలో ఒకరికి పైనే. ఇళ్ళ నాణ్యత అన్ని రెట్లు పెరిగిందా?

మా పెన్సిల్వేనియాలో ఎలక్ట్రీషియన్‌కు రాష్ట్ర లైసెన్సు లేదు, ప్లంబర్‌కూ లేదు. ఫిలడెల్ఫియా లాంటి నగరాలు, కొన్ని కౌంటీలు తమవి తాము పెట్టుకున్నాయి. ఇంటి మరమ్మతులు చేసేవాళ్ళు 2009 నుంచి అటార్నీ జనరల్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. పరీక్ష ఏమీ లేదు. మా ఇళ్ళేమీ కూలిపోవడం లేదు. న్యూజెర్సీలో ఉన్నప్పుడు లైసెన్సున్న మాస్టర్ ప్లంబర్ బిగించిన గొట్టమే మూడో నెలలో కారింది. వంటింటి చెక్కనేల అప్పడంలా లేచిపోయింది. ఏం చేసింది లైసెన్సు?

పాతకొళాయి గారూ, ఆ మనిషి చేసిన పని ఏదో ఒకటి కళ్ళారా చూడండి. అదే అసలైన లైసెన్సు.


ఎడారిపావురం, ఫీనిక్స్

కాకిలెక్క గారూ, లైసెన్సు ఉంటే గొట్టం కారదని ఎవరూ అనలేదు కదా. కారినప్పుడు ఎవరి తలుపు తట్టాలి అన్నదే తేడా.

అరిజోనాలో కాంట్రాక్టర్ల రిజిస్ట్రార్ అని ఒక శాఖ ఉంది, ఇక్కడ అందరూ ఆర్ఓసీ అంటారు. ఇళ్ళ పనులు చేసే కాంట్రాక్టర్లు కట్టే రుసుములతో ఒక నిధి నడుపుతుంది. కాంట్రాక్టర్ పని చెడగొట్టి చేతులెత్తేస్తే ఆ నిధి నుంచి ఇంటి యజమానికి 30,000 డాలర్ల దాకా వస్తుంది. మా పెరట్లో కట్టించిన వరండా కప్పు వాలు తప్పుగా పెట్టారు, ఒక్క వానాకాలానికే నీళ్ళు గోడలోకి దిగాయి. ఆ కంపెనీ అప్పటికే మూతపడింది. ఫిర్యాదు, విచారణ, కాగితాలు అన్నీ కలిపి పదకొండు నెలలు పట్టింది, కానీ డబ్బు వచ్చింది. మా ఎదురింటాయన అదే ఏడాది లైసెన్సు లేనివాడితో అలాంటి పనే చేయించుకున్నాడు. ఆ నిధి గడప కూడా తొక్కలేకపోయాడు. ఒప్పందం నాటికి కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండడమే మొదటి షరతు.


పైన్‌చెట్టునీడ, రాలీ

మా నార్త్ కరొలైనాలో ఇంకో రకం నాటకం. జనరల్ కాంట్రాక్టర్ లైసెన్సు 40,000 డాలర్లు, ఆపైన పనులకే కావాలి. 2023 అక్టోబరు దాకా ఆ గీత 30,000 దగ్గర ఉండేది. అప్పట్లో మాకు వచ్చిన అంచనాలు 29,500, 29,800. గీత పెరిగాక మా తోడికోడలికి వచ్చినవి 39,400, 39,750! గోడలు కొలిచి వేసిన లెక్కలు కావవి, గీత చూసుకుని వేసినవి. ఒకతను పనిని రెండు ముక్కలు చేసి రెండు ఒప్పందాలు రాద్దామన్నాడు. అలా ముక్కలు చేస్తే చట్టం ఒప్పుకోదు, పని మొత్తం విలువే లెక్క. పైగా కరెంటు పనికీ, ప్లంబింగుకీ వేరే బోర్డులు, వేరే లైసెన్సులు. ఆ 40,000 గీతతో వాటికి సంబంధం లేదు.


పాతకొళాయి, సాన్ హోసే

రాత్రి కూర్చుని చూశాను. లైసెన్సు నిజమే, అమల్లోనే ఉంది. పేరూ ఆయనదే. బాండ్ 25,000 ఉంది. తరగతి దగ్గర సీ-33 అని ఒక్కటే ఉంది. పనివాళ్ళ బీమా దగ్గర మినహాయింపు అని, ఉద్యోగులు లేరని ధ్రువీకరించినట్టు రాసి ఉంది. ఇది మంచిదా, చెడ్డదా? బాండ్ 25 వేలు ఉంది కాబట్టి నా 19,500 పోయినా వెనక్కి వస్తుంది అనుకోవచ్చా?


తీగలమేస్త్రి, ఫ్రీమాంట్

సీ-33 అంటే రంగులు వేసే లైసెన్సు. కాలిఫోర్నియాలో ఏ అంటే రోడ్లు, వంతెనల లాంటి ఇంజనీరింగ్ పనులు. బీ అంటే భవన నిర్మాణం. సీ కింద ఒక్కో పనికి ఒక్కో అంకె: 10 కరెంటు, 20 ఏసీ, 36 ప్లంబింగు, 39 రూఫింగ్, 54 టైల్స్, ఇలా చాలా ఉన్నాయి. రంగుల కాంట్రాక్టర్ గోడకు పడిన చిన్న పగులు పూడ్చి రంగు వేయవచ్చు, అది తన పనికి అనుబంధం. షవర్ వాల్వు మార్చడం రంగుకు అనుబంధం కాదు. మీ పనికి సరిపోయేది బీ. 2021 నుంచి బీ-2 అని ఇంకొకటి వచ్చింది, కట్టి ఉన్న ఇళ్ళలో మూడు, అంతకు మించి పనులు కలిసిన మరమ్మతులకు. కానీ అది ఉన్నవాడు ప్లంబింగు, కరెంటు లైన్లను కొత్తగా పొడిగించకూడదు, చిన్నచిన్న మార్పులు మాత్రమే చేయాలి. మీరు గొట్టాలు జరుపుతున్నారు, కొత్త లైట్లు పెడుతున్నారు కాబట్టి ఆ భాగాలకు సీ-36, సీ-10 వాళ్ళను తెచ్చే మనిషి కావాలి.

ఇప్పుడు ఆయన మిమ్మల్ని పర్మిట్ తీయమనడం ఎందుకో అర్థమైందా? ఆ లైసెన్సు పట్టుకుని వెళితే ఈ పనికి పర్మిట్ ఆయన పేరున ఇవ్వరు.

ఉద్యోగులు లేరన్న ధ్రువీకరణ: కొలతలకు ఎంతమంది వచ్చారు?

బాండ్ గురించి మీరనుకున్నది చాలామంది అనుకునేదే. బాండ్ అంటే బీమా కాదు. 2023 జనవరి నుంచి అందరికీ 25,000, అంతకు ముందు 15,000. ఆ మొత్తం ఒక్క మీ కోసం పెట్టింది కాదు. జీతం రాని పనివాడు, మోసపోయిన ఇంటివాళ్ళు, అందరూ ఆ ఒక్క సంచిలోకే చెయ్యి పెడతారు. ముందు వెళ్ళిన నలుగురు తీసుకున్నాక మీకు మిగిలేది సంచే. పొరపాటున నీళ్ళు కారి కింది అంతస్తు పాడైతే ఇచ్చేది లయబిలిటీ బీమా. అది బోర్డు సైటులో మామూలుగా కనిపించదు, ఆయన్నే అడిగి, బీమా కంపెనీ నుంచి నేరుగా మీకు పత్రం పంపించమనాలి.


పాతకొళాయి, సాన్ హోసే

కొలతలకు నలుగురు వచ్చారు. ఒకతను టేపు పట్టుకున్నాడు, ఇంకొకతను నేల తట్టి చూశాడు, మూడోవాడు కుర్రాడు, పదిహేడు పద్దెనిమిదేళ్ళుంటాయేమో, మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకున్నాడు. అందరూ ఒకే రకం టీషర్టులు. ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.


సన్నజాజి, శాక్రమెంటో

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. తీగలమేస్త్రి గారూ, మా తమ్ముడు గ్రీన్ కార్డు మీద నాలుగు నెలల క్రితం వచ్చాడు. ఇండియాలో పదకొండేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశాడు, అపార్ట్‌మెంట్లకు మొత్తం వైరింగ్ చేసిన అనుభవం ఉంది. ఇక్కడ కాంట్రాక్టర్ లైసెన్సుకు నాలుగేళ్ళ అనుభవం చాలంటున్నారు కదా, నేరుగా దరఖాస్తు పెట్టవచ్చా? మా దూరపు చుట్టం ఒకాయన తన లైసెన్సు కింద పనులు చేసుకోమంటున్నాడు, నెలకు కొంత ఇస్తే చాలట.


నిర్వాహకుడు

ప్రశ్న వేరే అయినా విషయం ఒకటే కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాను. వీసా సలహాల్లోకి మాత్రం వెళ్ళకండి.


తీగలమేస్త్రి, ఫ్రీమాంట్

సన్నజాజి గారూ, ముందు చుట్టం సంగతి. వద్దు. లైసెన్సు అద్దెకు ఇచ్చే వ్యాపారం అది. ఉద్యోగిగా ఉండి కంపెనీకి తన అర్హతను ఇచ్చేవాడు వారానికి కనీసం 32 గంటలైనా, లేదా పని వేళల్లో ఎనభై శాతమైనా అక్కడ నిజంగా పనిచేయాలి. వాటాదారుడిగా ఇచ్చినా పనులను పర్యవేక్షించే బాధ్యత అతనిదే. నెలకు ఇంత అని తీసుకుని ఇంట్లో కూర్చుంటే దొరికిన రోజు ఇద్దరూ మునుగుతారు, మీ తమ్ముడికి రేపు సొంత లైసెన్సు రావడం కూడా కష్టమవుతుంది.

నాలుగేళ్ళ మాట నిజమే. గత పదేళ్ళలో నాలుగేళ్ళు, జర్నీమన్ స్థాయిలో, అంటే పక్కన ఒకరు చెప్పకుండా తనంతట తాను పని చేయగల స్థాయిలో చేసి ఉండాలి. అప్రెంటిస్‌గా చేసిన కాలం దీనిలోకి రాదు. చదువుకూ శిక్షణకూ మూడేళ్ళ దాకా మినహాయింపు ఇవ్వవచ్చు, ఒక ఏడాదైనా చేతిపని తప్పదు. ఆ అనుభవాన్ని కళ్ళారా చూసినవారు సంతకం చేయాలి, అబద్ధమైతే శిక్షకు లోబడతామని రాసి మరీ. అక్కడి మేస్త్రీ ఉత్తరం ఒక్కటే పట్టుకుని వెళితే నిలవదు. జీతం కాగితాలు, ఒప్పందాలు, ఏవున్నా ఇప్పటి నుంచే పోగు చేయమనండి. తరవాత రెండు పరీక్షలు: ఒకటి చట్టం, వ్యాపారం, రెండోది కరెంటు పని. వేలిముద్రలు ఇవ్వాలి, బాండ్ కట్టాలి. దరఖాస్తుకే 450 డాలర్లు.

అయినా నా సలహా అడిగితే నేరుగా కాంట్రాక్టర్ కావద్దంటాను. కాంట్రాక్టర్ లైసెన్సు వేరు, పనివాడి సర్టిఫికెట్ వేరు. సీ-10 కంపెనీలో తీగ ముట్టుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉండాలి. అన్ని రకాల పనులకూ 8,000 గంటలు, ఇళ్ళ పనికి మాత్రమే అయితే 4,800 గంటలు. అది వచ్చేదాకా గుర్తింపు ఉన్న బడిలో చేరి ట్రెయినీ కార్డు తీసుకుని, సర్టిఫికెట్ ఉన్నవాడి పక్కన పనిచేయవచ్చు. జీతం మొదట తక్కువే. అవమానంగా ఉంటుంది కూడా, పదకొండేళ్ళు చేసినవాడికి ఇరవై ఏళ్ళ కుర్రాడు పైప్ వంచడం నేర్పిస్తుంటే.

కానీ అది ఎందుకు అవసరమో చెబుతాను. అక్కడ మనం నేర్చుకున్న వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ తెలుపు న్యూట్రల్, నలుపులోనే కరెంటు ఉంటుంది. నా మొదటి వారంలో ఒక స్విచ్ పెట్టె విప్పాను. నల్ల తీగ చూసి, పదేళ్ళ అలవాటు కదా, వేళ్ళతో పక్కకు జరపబోయాను. మా ఫోర్‌మన్ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఏమీ అనలేదు. జేబులోంచి టెస్టర్ తీసి తీగ దగ్గర పెట్టాడు. అది ఎర్రగా వెలిగి కీచుమంది. బ్రేకర్ నేను దించాననుకున్నాను, దించింది పక్కదాన్ని. ఆ రోజు నుంచి తీగ రంగును నేను నమ్మను.

తీగ మందం కొలత వేరు, అక్కడ చదరపు మిల్లీమీటర్లు, ఇక్కడ గేజ్. అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. 15 ఆంపియర్ల బ్రేకర్‌కు 14 గేజ్, 20కి 12. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ ఇంటికి వచ్చేది రెండు 120లు, కలిపితే 240. మూడేళ్ళకొకసారి కొత్త కూర్పు వచ్చే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఇక్కడ అందరికీ ఆధారం, రాష్ట్రాలు కొన్ని మార్పులతో తీసుకుంటాయి. చేతికి వచ్చిన పని ఎక్కడికీ పోదు గాని, చేతికి పట్టిన అలవాటును ముందు పోగొట్టుకోవాలి.


వడగళ్ళవాన, డాలస్

టెక్సాస్‌లోనూ జర్నీమన్ లైసెన్సుకు మాస్టర్ (అంతకు పై స్థాయి ఎలక్ట్రీషియన్) పర్యవేక్షణలో 8,000 గంటలు అడుగుతారు. మాస్టర్‌కు 12,000, పైగా రెండేళ్ళు జర్నీమన్ లైసెన్సు ఉండాలి. పరీక్షకు కోడ్ పుస్తకం తీసుకెళ్ళవచ్చు. తీసుకెళ్ళవచ్చు కదా అని చదవకుండా వెళ్ళినవాళ్ళే తప్పుతారని మా ఎలక్ట్రీషియన్ నవ్వుతూ చెప్పాడు, ఆయనే మొదటిసారి తప్పాడట, పేజీ వెతుక్కుంటూ కూర్చుంటే సమయం అయిపోయింది.


సన్నజాజి, శాక్రమెంటో

నల్ల తీగ సంగతి తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. పోయిన ఆదివారం మా ఇంట్లో ఫ్యాను వాడే బిగించాడు. ట్రెయినీ కార్డు సంగతి రేపే కనుక్కుంటాం. చుట్టానికి కూడా వద్దని చెప్పేశాను, ఆయనకు కోపం వచ్చింది.


కాకిలెక్క, పిట్స్‌బర్గ్

తీగలమేస్త్రి గారి మాట ఒప్పుకుంటున్నాను, కరెంటు విషయంలో. పరీక్ష కన్నా మణికట్టు పట్టుకున్న ఆ ఫోర్‌మనే కాపాడాడు అని కూడా అంటాను. అయితే రంగులు వేయడానికి లైసెన్సు ఎందుకో ఇప్పటికీ నాకు ఎక్కలేదు. చాలా రాష్ట్రాల్లో అది అక్కర లేదు.


తీగలమేస్త్రి, ఫ్రీమాంట్

రంగుల విషయంలో మీతో పెద్దగా పేచీ లేదు. చిన్న పనులకు ఇక్కడా సడలింపు ఉంది. ఇదివరకు 500 డాలర్ల లోపు పనికే లైసెన్సు అక్కర లేదనేవారు, 2025 జనవరి నుంచి దాన్ని వెయ్యి చేశారు. పర్మిట్ అవసరం లేని పని అయి ఉండాలి, మనిషి వేరే ఎవరినీ పనిలో పెట్టుకోకూడదు. కొళాయి వాషర్ మార్చేవాడి మెడ మీద ఎవరూ కత్తి పెట్టడం లేదు.

ఆ గీత దాటి లైసెన్సు లేకుండా పని చేసినవాడికి మాత్రం ఇక్కడ చట్టం నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. డబ్బు రాలేదని అతను కోర్టుకు వెళ్ళలేడు. ఇంటి యజమాని మాత్రం అప్పటికే ఇచ్చిన డబ్బు మొత్తం వెనక్కి ఇప్పించమని దావా వేయవచ్చు, పని బాగున్నా సరే. నా తోటివాడొకడు ఈ దెబ్బ తిన్నాడు. లైసెన్సు పునరుద్ధరణ రుసుము కట్టడం మరిచిపోయి నడుమ లైసెన్సు ఆగిపోయింది, ఆ సమయంలో ఒక పెద్ద పని చేశాడు. పని బ్రహ్మాండంగా చేశాడు. చివరికి వకీలు ఖర్చు కూడా మీద పడింది. నాకైతే అది అన్యాయంగానే తోచింది.


ఉప్పుగాలి, ఫోర్ట్ మైయర్స్

ఫ్లోరిడా నుంచి ఒక్క మాట. 2022 సెప్టెంబరులో ఇయన్ తుఫాను పోయిన వారానికే మా వీధిలో ఎన్ని రాష్ట్రాల నంబరు ప్లేట్లు చూశానో లెక్క లేదు. అత్యవసర పరిస్థితి ప్రకటించిన కాలంలో లైసెన్సు లేకుండా కాంట్రాక్టు పని చేస్తే ఇక్కడ ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం, మామూలు రోజుల్లో మొదటిసారికి అంత తీవ్రం కాదు. మా దగ్గర లైసెన్సులు రెండు రకాలు. 'సర్టిఫైడ్' అయితే రాష్ట్రమంతటా చెల్లుతుంది, 'రిజిస్టర్డ్' అయితే ఆ స్థానిక పరిధిలోనే. రూఫింగ్‌కు సర్టిఫైడ్ నంబరు సీసీసీతో మొదలవుతుంది. మా ఇంటికి వచ్చినవాడు చూపించిన కార్డు మీద సీజీసీ ఉంది, అది జనరల్ కాంట్రాక్టర్‌ది. పైగా ఆ నంబరు వేరే ఊళ్ళో వేరే కంపెనీది. ఫోను చేస్తే అసలాయనే ఎత్తాడు, "నా నంబరుతో మీరు మూడో వారు అండీ ఇవాళ" అన్నాడు పాపం.

కార్డు మీది నంబరుకు కాదు, బోర్డు రికార్డులో ఉన్న ఫోనుకు చేయండి.


పాతకొళాయి, సాన్ హోసే

జరిగింది చెబుతాను. ఆయనకు ఫోను చేసి, వెయ్యి ముందస్తు, పర్మిట్ మీ పేరున, సీ-36 వాళ్ళు ఎవరు వస్తారో రాసివ్వండి అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "మీకు నా మీద నమ్మకం లేదన్నమాట" అన్నాడు. బాధగానే అన్నాడు, నాకూ బాధ వేసింది. రంగుల పని ఉన్నప్పుడు తప్పకుండా మిమ్మల్నే పిలుస్తాను అన్నాను, నిజంగానే పిలుస్తాను, పక్క వీధి ఇల్లు చక్కగా వేశాడు.

31 వేలు చెప్పినాయన లైసెన్సు బీ, పనివాళ్ళ బీమా ఉంది. తెచ్చే ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు అడిగితే అక్కడికక్కడే ఇచ్చాడు. టైల్స్ మేమే కొనుక్కుంటామంటే 28,700కి దిగాడు. ముందస్తు వెయ్యే అని నేను చెప్పక ముందే ఒప్పందంలో ఉంది. మూడు రోజుల్లో రద్దు చేసుకునే హక్కు కాగితం కూడా జత చేశాడు.

ఇంకేమైనా అడగాలా సంతకం పెట్టే ముందు?


తీగలమేస్త్రి, ఫ్రీమాంట్

రెండు. ఒకటి, ఆయనకు మీరు డబ్బు ఇచ్చినా, ఆయన ప్లంబర్‌కో టైల్స్ వాడికో ఇవ్వకపోతే వాళ్ళు మీ ఇంటి మీద లీన్, అంటే బాకీ కింద ఇంటిపై హక్కు, వేయవచ్చు. మీరు మళ్ళీ కట్టవలసి రావచ్చు. ప్రతి చెల్లింపు వేళ వాళ్ళందరి సంతకంతో లీన్ రిలీజు తీసుకోండి. ఇంటికి 'ప్రిలిమినరీ నోటీసు' అని రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే కంగారు పడకండి, మీ పనిలో ఎవరెవరు ఉన్నారో ఆ ఉత్తరాలే చెబుతాయి. దాచిపెట్టుకోండి.

రెండు, మీది 1974 ఇల్లు. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో పాత రంగులో సీసం ఉండవచ్చు. గదిలో ఆరు చదరపు అడుగులకు మించి రంగు వేసిన గోడను కదిలిస్తే కంపెనీకి ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) వారి సీసం పని సర్టిఫికెట్ ఉండాలి. ఇది రాష్ట్రానిది కాదు, 2010 నుంచి దేశమంతటికీ ఉన్న నియమం. పని మొదలుపెట్టక ముందు మీకు ఒక చిన్న పుస్తకం ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఇంట్లో చిన్న పిల్లలున్నారా?


పాతకొళాయి, సాన్ హోసే

ఒకటిన్నర ఏళ్ళ పాప. కిటికీ చెక్క పెచ్చులుగా లేస్తోంది, దాని పక్కనే ఆడుకుంటుంది. సంతకం రేపటికి వాయిదా వేస్తున్నాను, ముందు ఆ సర్టిఫికెట్ చూపించమంటాను. పాప మంచం ఇప్పుడే ఆ గదిలోంచి తీసేశాం.